ముక్కులో నెమ్మదిగా పెరిగే అరుదైన కంతులు: పేరు తేల్చడంలో చిక్కు ఎక్కడుంది?

ముక్కు ఒకవైపే మూసుకుపోతోందని, చీదినప్పుడు అప్పుడప్పుడు రక్తపు చార కనిపిస్తోందని చెప్పే మనిషికి ఇంట్లోనూ బయటా మొదట వినిపించే కారణాలు రెండే: సైనస్, లేకపోతే ముక్కు దూలం వంకర. విశాఖపట్నంలో అయితే మూడో కారణం కూడా సిద్ధంగా ఉంటుంది. పాత నగరంలో కిటికీ రెక్కల మీదా ఆరేసిన బట్టల మీదా పేరుకునే పోర్టు బొగ్గు దుమ్మును రోజూ చూసేవారికి ముక్కుదిబ్బడకు ఇంకో వివరణ వెతకాలని అనిపించదు. చాలామంది విషయంలో ఈ కారణాలే నిజం. అలర్జీలు, సైనసైటిస్, దూలం వంకర, మామూలు పాలిప్‌లతో పోలిస్తే ముక్కులో వచ్చే కంతులు చాలా అరుదు. అయితే దుమ్మువల్ల, అలర్జీవల్ల వచ్చే బాధ సాధారణంగా రెండు ముక్కురంధ్రాల్లోనూ ఉంటుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు మారుతూ ఉంటుంది. నెలల తరబడి ఒకే పక్కన నిలిచిపోయిన దిబ్బడ, ఆ పక్క నుంచే వచ్చే రక్తం, ఆ పక్కనే తగ్గిన వాసన, చెంప మీద తిమ్మిరి, ఒక కంటి నుంచి ఆగకుండా నీరు కారడం, ఇవి దుమ్ము లెక్కలో ఇమిడేవి కావు. ఈ తేడాను పట్టించుకుంటే కథ మొదట్లోనే సగం దారి తేలుతుంది. పట్టించుకోకపోతే యాంటీబయాటిక్స్, ముక్కు స్ప్రేలతో ఏడాది, రెండేళ్లు గడిచిపోవడం కష్టమేమీ కాదు.

ముక్కు కుహరంలోనూ దాని చుట్టూ ఉన్న సైనస్‌లలోనూ పుట్టే క్యాన్సర్లు తల, మెడ క్యాన్సర్లలో 3 నుంచి 5 శాతం దాకా ఉంటాయి. శరీరంలోని మొత్తం క్యాన్సర్లలో 1 శాతం కన్నా తక్కువ. ఇంత చిన్న చోట, ఇంత తక్కువమందిలో కనిపించే ఈ కంతుల్లో రకాలు మాత్రం పదుల సంఖ్యలో ఉన్నాయి, ఎందుకంటే ఇక్కడ పైపొర, గ్రంథులు, వాసన నరాల కణాలు, రక్తనాళాలు, ఎముక, మృదులాస్థి అన్నీ కొద్ది సెంటీమీటర్ల లోపలే ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటిలో ఏదైనా కంతికి మూలం కావచ్చు. అందులోనూ తక్కువ గ్రేడు కంతులు ప్రత్యేకమైన ఇబ్బంది తెచ్చిపెడతాయి. గ్రేడు అనేది కంతి ఎంత దూరం పాకిందో చెప్పే లెక్క కాదు, దానికి దశ అనే వేరే కొలత ఉంది. సూక్ష్మదర్శిని కింద కణాలు ఎంత క్రమం తప్పాయి, ఎంత వేగంగా విభజన చెందుతున్నాయి, మధ్యలో చచ్చుబడిన భాగాలు ఉన్నాయా అన్నదాన్ని బట్టి వేసే అంచనా గ్రేడు. అందువల్ల గ్రేడు తక్కువగా ఉన్న కంతి కూడా కంటిగూటి గోడ దాటి, పుర్రె అడుగు దాకా వెళ్లి ఉండవచ్చు. ముక్కు పైకప్పుకూ మెదడుకూ మధ్య ఉన్నది చిల్లుల జల్లెడ లాంటి పలుచని ఎముక మాత్రమే. వేరే చోట పదేళ్లు పెరిగినా ప్రాణానికి ముప్పు తేని కంతి ఇక్కడ రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెరిగితే లెక్క మారిపోతుంది.

ఎక్కువ గ్రేడు కంతి తన ఉనికిని దాచుకోలేదు. వారాల్లో పెరుగుతుంది, నొప్పి పుట్టిస్తుంది, స్కాన్‌లో ఎముకను కొరికేసినట్టు కనిపిస్తుంది, స్లైడు పెట్టగానే పాథాలజిస్టు దృష్టిని ఆపేస్తుంది. తక్కువ గ్రేడు కంతి ప్రతి మెట్టు మీదా ఏదో ఒక మామూలు జబ్బుగా చలామణి అయిపోతుంది. రోగికి అది జలుబు, ఎండోస్కోపీలో పాలిప్, సీటీలో పాత సైనసైటిస్, స్లైడు మీద హాని చేయని నరపు గడ్డ. విడివిడిగా చూస్తే ఈ నాలుగు అభిప్రాయాల్లో దేన్నీ తప్పుపట్టలేము. నాలుగూ ఒకేచోట పెట్టి చూసినప్పుడే అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదని తెలుస్తుంది. ఈ జబ్బుల నిర్ధారణలో అసలు పని ఆ పొసగనిదాన్ని గమనించడమే.

మొదటి మెట్టు ఎండోస్కోపీ. అలర్జీ పాలిప్‌లు సాధారణంగా రెండు వైపులా, మధ్య ముక్కుదారి నుంచి, పాలిపోయిన రంగులో, తాకితే కదిలేలా వేలాడుతుంటాయి. ‘ముక్కులో కండ పెరిగింది’ అని జనం చెప్పుకునేది ఎక్కువగా వీటి గురించే. ఒకే పక్కన, ఎర్రగానో గరుకుగానో ఉండి, తాకగానే రక్తం కారేది, ముక్కు మధ్యగోడ నుంచో పైకప్పు నుంచో పుట్టుకొచ్చేది కనిపించినప్పుడు స్కాన్ తీయకుండా ముక్క తీయకూడదన్నది ఈఎన్‌టీ వైద్యంలో గట్టి నియమం. దీని వెనుక రెండు భయాలున్నాయి. పదమూడు, పద్నాలుగేళ్ల అబ్బాయి ముక్కులో కనిపించే కంతి రక్తనాళాలతో నిండిన జువెనైల్ ఆంజియోఫైబ్రోమా అయితే, ఓపీ గదిలో తీసిన చిన్న ముక్కతోనే ఆపలేనంత రక్తస్రావం జరగవచ్చు. పసిపిల్లల్లో మధ్యభాగాన కనిపించేది మెదడు పొర కిందికి జారిన సంచి అయితే, కత్తెర పెట్టగానే మెదడు చుట్టూ ఉండే ద్రవం ముక్కులోకి కారుతుంది, ఆ దారినే మెనింజైటిస్, అంటే మెదడు పొరల ఇన్ఫెక్షన్, లోపలికి వెళ్తుంది. రోగిని ఇంకో రోజు రమ్మని స్కాన్‌కు పంపే డాక్టరు కాలయాపన చేస్తున్నట్టు బంధువులకు అనిపించవచ్చు; చేయాల్సిన పని అదే.

మన ప్రాంతానికి సంబంధించిన కొన్ని జబ్బులు ఈ మెట్టు మీద దారి మళ్లిస్తాయి. చెరువు నీళ్లలో స్నానాలు చేసే పల్లెల నుంచి వచ్చేవారిలో రైనోస్పోరిడియోసిస్ అనే ముక్కు ఇన్ఫెక్షన్ ఉంటుంది. అది కూడా ఒకే పక్కన, ఎర్రటి గరుకు గడ్డగా, పైన తెల్లటి చుక్కలతో, తేలిగ్గా రక్తం కారుతూ కనిపిస్తుంది. అయితే మామూలు స్లైడు మీదే బీజకోశాలు పెద్దవిగా, స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి సందేహం అక్కడితో తీరిపోతుంది. ఫంగస్ సంగతి అంత తేలిక కాదు. 2021లో బ్లాక్ ఫంగస్ చూసిన తర్వాత సైనస్‌లో ఎముక దెబ్బతింటే అది ఫంగస్సే అన్న ఆలోచన వైద్యులకూ జనానికీ ముందుగా వస్తోంది, అదీ సహజమే. ముక్కుకు కింది గోడ అయిన అంగిలి విషయంలో ఉత్తరాంధ్రకే ప్రత్యేకమైన చిక్కు ఉంది. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీర గ్రామాల ఆడవారిలో తరతరాలుగా ఉంది. దానివల్ల అంగిలి మీద పుండ్లు, క్యాన్సర్లు వస్తాయని దశాబ్దాలుగా తెలుసు. అందువల్ల అడ్డపొగ అలవాటున్న పెద్దావిడ అంగిలి ఉబ్బిందంటే దృష్టి వెంటనే చుట్ట మీదికి పోతుంది. పొగవల్ల వచ్చేది ఎక్కువగా ఉపరితలం మీద మొదలవుతుంది. తెల్లబారడం, పుండు పడడం ముందు కనిపిస్తాయి. పైచర్మం చెక్కుచెదరకుండా నున్నగా ఉండి, లోపలి నుంచి కిందికి తోసుకొచ్చినట్టు ఉబ్బు ఉంటే, అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథుల నుంచో, పైనున్న చెంప సైనస్ నుంచో కంతి వస్తోందని అనుమానించాలి. అలవాటు గురించి అడిగి అంతటితో ఆగిపోతే ఈ తేడా జారిపోతుంది.

స్కాన్‌ల దగ్గర సీటీ, ఎంఆర్ఐ రెండూ ఎందుకన్న ప్రశ్న ఖర్చు భరించే కుటుంబాల నుంచి తరచు వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. సీటీ ఎముకను చూపిస్తుంది. నెమ్మదిగా పెరిగే కంతి ఎక్కువగా ఎముకను కొరకదు, నెడుతుంది. ఎముక పలుచబడి, వంగి, ఒక్కోచోట మందమై కనిపిస్తుంది. ఇన్‌వర్టెడ్ పాపిలోమా అనే, పైపొర లోపలికి ముడుచుకుంటూ పెరిగే కంతిలో అలా మందమైన చోటే చాలాసార్లు కంతి మొదలు ఉంటుంది. ఆపరేషన్‌లో ఆ ఎముకను చెక్కేస్తేనే జబ్బు పోతుంది. కానీ సైనస్ అంతా మబ్బుగా కనిపించినప్పుడు అందులో కంతి ఎంత, కంతి దారి మూసేయడంవల్ల వెనక నిలిచిపోయిన చీమిడి ఎంత అన్నది సీటీ చెప్పలేదు. ఎంఆర్ఐలో టీ2 చిత్రం మీద నిలిచిన ద్రవం సాధారణంగా తెల్లగా వెలుగుతుంది, కంతి బూడిద రంగులో మిగిలిపోతుంది. బాగా చిక్కబడిన ఫంగస్ పదార్థం మాత్రం నల్లగా, గాలిలాగే కనిపించి మోసం చేయగలదు. అందుకే రెండు స్కాన్‌లనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మెదడు పైపొర అంటుకుందా, కంటిగూటిలోని కొవ్వులోకి చొచ్చుకుందా, అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే గ్రంథుల క్యాన్సర్‌లో జరిగినట్టు చెంప నరం వెంట వెనక్కి పాకిందా అన్నవి ఎంఆర్ఐ మీదే తేలతాయి. అయినా స్కాన్ పేరు పెట్టదు. ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, ఎంత రక్తం పారుతోంది అన్న మూడు విషయాలను పాథాలజిస్టుకు అందిస్తుంది, అది కూడా ఎవరైనా అందజేస్తేనే.

ఈ అందజేతలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. తీసిన ముక్కతో పాటు ల్యాబుకు వెళ్లే ఫారం మీద చాలాసార్లు ‘ముక్కులో గడ్డ, బయాప్సీ’ అని మాత్రమే ఉంటుంది. అదే ఫారం మీద ‘52 ఏళ్ల స్త్రీ, ఎడమ ముక్కు పైభాగం, ఎత్మాయిడ్ సైనస్ నుంచి పుట్టింది, రెండేళ్లుగా నెమ్మదిగా పెరుగుతోంది, సీటీలో కంటిగూటి గోడ దెబ్బతింది, మూడేళ్ల కిందట ఇదే చోట పాలిప్ అని తీశారు’ అని రాస్తే (ఎత్మాయిడ్ అంటే రెండు కళ్ల మధ్యనుండే సైనస్), స్లైడు చూసే మనిషి ఆలోచన వేరే దారిలో నడుస్తుంది. కణాలు ఎంత సాధువుగా కనిపించినా ఎముక దాటిన కంతిని హాని చేయనిదని రాయడానికి అప్పుడు చేయి వెనకాడుతుంది. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి పట్టే సమయం రెండు నిమిషాలు. పాత ఆపరేషన్ రిపోర్టు ఉంటే దాని నకలు జతచేయడం ఇంకా మంచిది.

ముక్కను ఎలా భద్రపరిచారన్నది కూడా అంతే ముఖ్యం. తీసిన వెంటనే, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. సెలైన్‌లో వేసిన ముక్క, స్పిరిట్‌లో వేసిన ముక్క, పాడేరు నుంచో అరకు నుంచో ఘాట్ రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చేసరికి ఎండకూ ఉక్కకూ పనికిరాకుండా పోతుంది. చిమ్టాతో నలిపి లాగిన చిన్న ముక్కల్లో కణాలు చితికి నల్లని చారలుగా మిగులుతాయి; వాటిని చూసి ఏ కంతి పేరూ చెప్పలేరు. ఇంకో సంగతి అంతగా ఎవరి నోటా వినపడదు. సైనస్ కంతితో పాటు ఎముక పలుకులు వస్తాయి, ఎముకను సన్నగా కోయాలంటే ముందు యాసిడ్‌లో నానబెట్టి మెత్తబరచాలి. ఆ యాసిడ్ కణాల్లోని డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను దెబ్బతీస్తుంది. తర్వాత జన్యు పరీక్ష అవసరమైతే ఆ బ్లాకు, అంటే ముక్కను మైనంలో పొదిగిన దిమ్మ, నుంచి ఫలితం రాదు. అందుకే మెత్తటి కంతి భాగాన్ని వేరే డబ్బాలోనో, కనీసం వేరే బ్లాకులోనో పెట్టి, ఎముక ఉన్నదాన్ని మాత్రమే మెత్తబరచాలి. వీలైతే యాసిడ్ బదులు ఈడీటీఏ అనే సౌమ్యమైన రసాయనం వాడాలి. ఆపరేషన్ గదిలో ఒక డబ్బా ఎక్కువ ఉంచడం మీద ఆధారపడిన ఈ చిన్న పని, రోగికి మళ్లీ ఆపరేషన్ చేసి ముక్క తీయాల్సిన అవస్థను తప్పించగలదు.

ఇక సూక్ష్మదర్శిని కింద. తక్కువ గ్రేడు కంతుల్లో పాథాలజిస్టును ఎక్కువ ఇబ్బంది పెట్టేది సన్నగా, పొడుగ్గా ఉండే కణాలతో నిండిన గుంపు. వీటిలో బైఫినోటిపిక్ సైనోనేసల్ సార్కోమా చరిత్ర చూస్తే ఈ రంగం ఎంత కొత్తదో అర్థమవుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పాథాలజిస్టులు 28 కేసులను ఒకచోట చేర్చి 2012లో దాన్ని మొదటిసారి వేరే జబ్బుగా వర్ణించారు. 2014లో ఆ కణాల్లో పీఏఎక్స్3 అనే జన్యువు ఎంఏఎంఎల్3 అనే జన్యువుతో అతుక్కుంటోందని కనుగొన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 వర్గీకరణలో దానికి చోటు దొరికింది. అంటే 2012కు ముందు కూడా ఈ జబ్బు ఉంది, కానీ ష్వానోమా (హాని చేయని నరపు గడ్డ) అనో, హిమాంజియోపెరిసైటోమా అనో, ఫైబ్రోసార్కోమా అనో ఎవరికి తోచిన పేరుతో వారు రిపోర్టు ఇచ్చారు. ఇది మగవారి కన్నా ఆడవారిలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. మధ్యవయసు దాటాక, ముక్కు పైభాగంలోనూ ఎత్మాయిడ్ సైనస్‌లోనూ కనిపిస్తుంది.

దీని స్లైడును తక్కువ పెద్దదిగా చూపే కటకం కింద పెడితే మొదట కనిపించేది ప్రశాంతత. ఒకే పరిమాణంలో ఉన్న సన్నని కణాలు కట్టలు కట్టలుగా సాగి, ఒక కట్టకు ఇంకో కట్ట ఏటవాలుగా తగులుతూ పోతుంటాయి. విభజన చెందుతున్న కణం కోసం వెతుక్కోవాలి. చచ్చుబడిన భాగం ఉండదు. కాస్త పైకి, పొర దగ్గరికి వస్తే ఒక విశేషం కనిపిస్తుంది: ముక్కు పైపొర లోపలికి మడతలు పడి, చిన్న చిన్న గొట్టాలుగా, గ్రంథులుగా కంతి మధ్యలో ఇరుక్కుని ఉంటుంది, కొన్నిచోట్ల ఆ పొర పాపిలోమా అనుకునేంతగా పెరిగి ఉంటుంది. పక్కకు జరిపితే అవే ప్రశాంతమైన కణాలు ఎముక పలకల మధ్యకు దూరి ఉంటాయి. హాని చేయని ముఖంతో ఎముకలోకి దూరడం, పైపొర లోపలికి ముడుచుకోవడం, ఈ రెండూ ఒకే స్లైడులో కనిపిస్తే మనసులో గంట మోగాలి.

కణాల్లో ఏ ప్రోటీన్లు ఉన్నాయో రంగుతో చూపే ఐహెచ్‌సీ పరీక్ష అప్పుడు చేస్తారు; అందులో కూడా ఒక్క రంగును నమ్ముకుంటే ప్రమాదమే. ఈ కంతి నరాల గుర్తు అయిన ఎస్-100నూ, కండర గుర్తు అయిన ఎస్‌ఎంఏనూ రెండింటినీ అక్కడక్కడా పట్టుకుంటుంది. ఎస్-100 మాత్రమే వేసి చూసినవారు ష్వానోమా అని రాసేస్తారు. ముక్కులో వచ్చే ష్వానోమాకు తరచు చుట్టూ పొర ఉండదు కాబట్టి అంచు చూసి విడదీయడం కుదరదు. విడదీసేది సాక్స్10: అసలైన ష్వానోమాలో అది బలంగా ఉంటుంది, ఈ సార్కోమాలో ఉండదు. కొన్నిటిలో డెస్మిన్, మయోజెనిన్ లాంటి కండర గుర్తులు కూడా కొద్ది కణాల్లో కనిపిస్తాయి. అవి చూసి రాబ్డోమయోసార్కోమా అనే దురుసైన కండర క్యాన్సర్ అనుకుంటే రోగికి అవసరం లేని భారీ కీమోథెరపీ మొదలవుతుంది. ఒక వైపు పొరబడితే చాలీచాలని ఆపరేషన్, ఇంకో వైపు పొరబడితే అక్కర్లేని విషం. అందుకే ఇక్కడ పేరు కచ్చితంగా తేలడం కోసం ఇంత పట్టుదల అవసరమవుతుంది.

దీనికి దగ్గరి పోలికలున్నది గ్లోమాంజియోపెరిసైటోమా. రక్తనాళాల గోడల చుట్టూ ఉండే కణాల నుంచి వస్తుందని భావించే ఈ కంతి ముక్కు కంతులన్నిటిలో అర శాతం కూడా ఉండదు. 1976లో దీన్ని ముక్కుకు ప్రత్యేకమైన జబ్బుగా వేరుచేసి వర్ణించారు. ఇప్పటి పేరు 2005 వర్గీకరణతో స్థిరపడింది. ఎక్కువగా యాభై దాటినవారిలో ముక్కుదిబ్బడ, రక్తం కారడంతో బయటపడుతుంది. స్లైడులో కొమ్మలు చాచిన రక్తనాళాలు, వాటి చుట్టూ గులాబి రంగు పట్టీలు, మధ్యలో మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ కనిపిస్తాయి. పైపొర కింద సన్నని ఖాళీ పట్టీ మిగిలి ఉంటుంది, గ్రంథులు లోపల ఇరుక్కోవు. బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ కణకేంద్రంలో నిండుగా కనిపించడం దీని ముద్ర, ఎందుకంటే సీటీఎన్ఎన్‌బీ1 జన్యువులో మార్పు ఉంటుంది. కానీ సార్కోమాలో కూడా కొన్నిటిలో ఆ రంగు కొంతమేర పడుతుంది. కాబట్టి ఎస్-100 లేకపోవడం, గ్రంథులు ఇరుక్కోకపోవడం కలిపి చూడాలి. మూడోది సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్; దీనికి స్టాట్6 అనే గుర్తు కణకేంద్రంలో పడుతుంది, దాని వెనకున్న జన్యు అతుకును 2013లో కనిపెట్టాక సందేహానికి పెద్దగా తావు లేకుండా పోయింది.

గ్లోమాంజియోపెరిసైటోమాకు ఇంకో విశేషం ఉంది, దాన్ని ఈఎన్‌టీ వారికన్నా ఎముకల డాక్టర్లు గుర్తుంచుకోవడం మంచిది. ఇదీ, ఫాస్ఫాటూరిక్ మెసెంకైమల్ ట్యూమర్ అనే దీని లాంటి ఇంకో చిన్న కంతీ కొన్నిసార్లు ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోనును విడుదల చేస్తాయి. దానివల్ల మూత్రపిండాలు ఫాస్ఫేట్‌ను బయటికి వదిలేస్తాయి, ఎముకలు మెత్తబడతాయి. రోగి ఒళ్లు నొప్పులతో, మెట్లెక్కలేని కండరాల బలహీనతతో, కారణం లేకుండా విరిగే ఎముకలతో ఏళ్ల తరబడి తిరుగుతాడు; కాల్షియం, విటమిన్ డి ఎన్ని వాడినా తగ్గదు. ఒక రక్తపరీక్షలో ఫాస్ఫేట్ తక్కువగా కనబడితే, ‘ముక్కు ఒకవైపు మూసుకుపోతుందా, రక్తం వస్తుందా’ అన్న ఒక్క ప్రశ్న దారి చూపించగలదు. కంతి పూర్తిగా తీసేస్తే కొద్ది రోజుల్లోనే ఫాస్ఫేట్ మామూలు స్థాయికి వస్తుంది. వైద్యంలో ఇంత సంతోషపెట్టే నిర్ధారణలు తక్కువ.

గ్రంథుల నుంచి పుట్టే తక్కువ గ్రేడు ఎడినోకార్సినోమా దగ్గర కష్టం వేరే రకం. ఒకే వరుస కణాలతో కట్టిన చిన్న చిన్న గ్రంథులు వీపుకు వీపు ఆనించినట్టు దగ్గర దగ్గరగా ఉంటాయి. కణాలు చూస్తే అనుమానించడానికి ఏమీ ఉండదు. సీరోమ్యూసినస్ హమార్టోమా అనే హాని చేయని పెరుగుదలకూ దీనికీ మధ్య గీత చాలా సన్నం. గ్రంథుల మధ్య కణజాలం మిగిలి ఉందా, పక్కకు చొచ్చుకుపోతోందా అన్నది చూసి తేల్చాలి, చిన్న ముక్కలో అది కుదరదు. ఈ కంతిని, కణాలు పేగు పొర కణాల్లా కనిపించే పేగు తరహా ఎడినోకార్సినోమా నుంచి విడదీయడం తప్పనిసరి. కలప దుమ్ము పీల్చేవారిలో వచ్చేది ఆ పేగు తరహాదే. ముక్కు క్యాన్సర్‌కు కలప దుమ్ము కారణమవుతుందని అంతర్జాతీయంగా నిర్ధారించారు. కాబట్టి కోత మిల్లుల్లో, పడవలు కట్టేచోట, ఫర్నిచర్ పనిలో ఏళ్లు గడిపినవారి వృత్తి వివరం ఫారం మీద ఉండాలి. సీకే20, సీడీఎక్స్2 గుర్తులు పేగు తరహాలో ఉంటాయి, తక్కువ గ్రేడు పేగేతర తరహాలో ఉండవు. పేగు తరహా ఎంత సాధువుగా కనిపించినా దాని నడక ఎక్కువ దురుసు.

ఈ గ్రంథుల గుంపులోనే కణాలన్నీ నీళ్లు నింపినట్టు తేటగా కనిపించే అరుదైన రకం ఒకటుంది. మూత్రపిండం క్యాన్సర్ కణాలు అచ్చం అలాగే ఉంటాయి, పైగా మూత్రపిండం క్యాన్సర్‌కు ముక్కులోకి వచ్చి రక్తం కార్పించే గుణం ఉంది; కొందరిలో అసలు క్యాన్సర్ కంటే ముందు ముక్కులోకి పాకిన కంతే బయటపడుతుంది. పీఏఎక్స్8 గుర్తు ఉంటే మూత్రపిండం వైపు, లేకపోతే ముక్కులోనే పుట్టిన తక్కువ గ్రేడు కంతి వైపు మొగ్గాలి. రంగు ఏం చెప్పినా పొట్ట స్కాన్ ఒకటి తీయకుండా రిపోర్టును ముగించడం సబబు కాదు. ఒకటి ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బు, ఇంకొకటి శరీరమంతా పాకిన జబ్బుకు తొలి ఆనవాలు.

వాసన నరాల కణాల నుంచి వచ్చే ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమాలో హయామ్స్ పద్ధతి ప్రకారం 1 నుంచి 4 దాకా గ్రేడులు వేస్తారు. 1, 2 గ్రేడులవి గుండ్రని గుంపులుగా, గుంపు అంచున ఎస్-100 పట్టుకునే కణాలతో ఉంటాయి. ఇది దాదాపు ఎప్పుడూ ముక్కు పైకప్పు దగ్గరే పుడుతుంది కాబట్టి స్కాన్ మీద చోటు చూడకుండా ఈ పేరు రాయడం ప్రమాదకరం. తక్కువ గ్రేడుదైనా ఏళ్ల తర్వాత మెడ గ్రంథుల్లో తేలగలదు. దీనికి పూర్తిగా తిరగబడ్డ మోసం ఇంకొకటి ఉంది. హెచ్‌పీవీ వైరస్‌తో, ముఖ్యంగా దాని 33వ రకంతో, ముడిపడిన మల్టీఫినోటిపిక్ కార్సినోమా స్లైడు మీద భయంకరంగా, ఎక్కువ గ్రేడుదిగా కనిపిస్తుంది, కానీ దూరంగా పాకడం అరుదు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమాగా పొరబడే అవకాశమున్న దీన్ని వైరస్ పరీక్షే విడదీస్తుంది. రూపం చూసి నడవడికను నిర్ణయించడం ఈ ప్రాంతంలో రెండు వైపులా తప్పవుతుంది.

విశాఖపట్నంలో ఈ పనికి కావలసిన మెట్లు చాలావరకు ఉన్నాయి. ఆంధ్ర మెడికల్ కాలేజీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లకు వందేళ్ల చరిత్ర ఉంది. చెవి, ముక్కు, గొంతు వ్యాధులకే ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాలతో పాటు దక్షిణ ఒడిశా నుంచి కూడా రోగులు వచ్చేది ఇక్కడికే. మామూలు స్లైడు, ప్రాథమిక ఐహెచ్‌సీ దాటి అరుదైన గుర్తులు, జన్యు అతుకుల పరీక్షలు అవసరమైనప్పుడు బ్లాకు హైదరాబాదుకో ముంబయికో ప్రయాణం చేయాల్సి రావచ్చు. అక్కడ రోగి కుటుంబం చేయగలిగిన పని ఒకటి ఉంది, ఇది చాలామందికి తెలియదు: మైనపు బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని రెండో అభిప్రాయానికి పంపవచ్చు, అది రోగి హక్కు. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని వెళితే రెండో చోట చూడడానికి ఏమీ ఉండదు. స్కాన్ల విషయంలోనూ ఫిల్ములతో పాటు సీడీ తీసుకోవాలి. 2012లో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ద్వారా దేశంలోని క్యాన్సర్ కేంద్రాలు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి కాబట్టి, అరుదైన కేసు మీద నిపుణుల చర్చకు దూరం ఇంతకు ముందున్నంత అడ్డు కాదు. నిర్ధారణ పూర్తి కాలేదని డాక్టరు చెప్పినప్పుడు దాన్ని అసమర్థతగా తీసుకోకపోవడం కూడా అవసరం. తక్కువ గ్రేడు కంతికి పేరు తేలడానికి మూడు వారాలు పట్టినా నష్టం లేదు. తొందరలో తప్పు పేరుతో చేసిన మొదటి ఆపరేషన్‌వల్ల నష్టం ఉంటుంది, ఎందుకంటే చుట్టూ ఆరోగ్యకరమైన అంచుతో కంతిని పూర్తిగా తీసే మంచి అవకాశం మొదటిసారే దొరుకుతుంది.

పేరును బట్టి మారేది ఆపరేషన్ విస్తీర్ణం, రేడియేషన్ అవసరం, ఆ తర్వాత ఎన్నేళ్లు కనిపెట్టుకుని ఉండాలన్న లెక్క. ష్వానోమా అయితే నరాన్ని, చుట్టుపక్కల భాగాలను కాపాడుతూ తీస్తే సరిపోతుంది. బైఫినోటిపిక్ సార్కోమా అయితే అంటుకున్న ఎముకను కూడా తీయాలి. మొదటి 28 మందిలో తర్వాతి వివరాలు దొరికినవారిని చూస్తే దాదాపు సగం మందిలో అదే చోట తిరగబెట్టింది, దూరపు అవయవాలకు మాత్రం పాకలేదు. గ్లోమాంజియోపెరిసైటోమాలో పూర్తిగా తీసినప్పుడు ఐదేళ్ల మనుగడ 90 శాతానికి పైగానే ఉంటుంది, అయినా కొందరిలో చాలా ఏళ్లకు మళ్లీ వస్తుంది. కాబట్టి ఐదేళ్లు గడిచాయని ఎండోస్కోపీ మానేయడం ఈ జబ్బుల్లో చెల్లదు. తిరగబెట్టిన కంతితో వచ్చినవారి దగ్గర 2012కు ముందు రాసిన ‘హిమాంజియోపెరిసైటోమా’ లేదా ‘తక్కువ గ్రేడు ఫైబ్రోసార్కోమా’ రిపోర్టు ఉంటే, కొత్త ముక్కతో పాటు పాత బ్లాకును కూడా తెప్పించి, సాక్స్10, స్టాట్6, బీటా-కెటెనిన్, పీఏఎక్స్3 పరీక్షలతో మళ్లీ చదివించాలి.